రోడ్డు ప్రమాద పరిహారం: ఆరు నెలల గడువు ఎవరికి తలుపు మూస్తుంది?

రోడ్డు ప్రమాదంలో ఇంటి పెద్దను కోల్పోయిన కుటుంబం పరిహారం కోరాలంటే ప్రమాదం జరిగిన నాటి నుంచి ఆరు నెలలలోపు ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేసుకోవాలి. ఆ గడువు దాటిన దరఖాస్తును స్వీకరించరాదని మోటారు వాహనాల చట్టంలోని 166వ సెక్షన్, మూడవ ఉపసెక్షన్ చెబుతోంది. 2019లో పార్లమెంటు ఆమోదించిన ఈ నిబంధన 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. అంతకుముందు 27 ఏళ్లకు పైగా ఇలాంటి గడువు ఏదీ లేదు.

చూడడానికి ఇది ఒక సాధారణ కార్యాలయ నిబంధనలాగే కనిపిస్తుంది. కానీ దేశంలో రోడ్డు ప్రమాదాల సంఖ్యను పక్కన పెట్టుకుని చూస్తే దీని తీవ్రత తెలుస్తుంది. కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022 సంవత్సరంలో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. వాటిలో 1,68,491 మంది మరణించారు. 4,43,366 మంది గాయపడ్డారు. నిబంధన అమలులోకి వచ్చిన ఆ ఒక్క ఏడాదిలోనే ఆరు లక్షలకు పైగా వ్యక్తుల జీవితాలు ప్రమాదాల బారిన పడ్డాయన్న మాట.

హక్కు ఉండడం వేరు, ఆ హక్కును న్యాయస్థానంలో వినిపించుకోగలగడం వేరు. ఈ రెండింటి మధ్య దూరాన్ని నిర్ణయించే వాటిలో గడువు ముఖ్యమైనది.

ఆరు నెలలు ఎలా గడిచిపోతాయి?

ఒక ఉదాహరణ తీసుకుందాం. శ్రీకాకుళం జిల్లా నుంచి భవన నిర్మాణ పనుల కోసం చెన్నై వెళ్లిన 32 ఏళ్ల కూలీ అక్కడి రహదారిపై లారీ ఢీకొని మరణించాడనుకుందాం. ఇంటి వద్ద భార్య, ఇద్దరు చిన్న పిల్లలు, వృద్ధురాలైన తల్లి ఉన్నారు.

మృతదేహాన్ని సొంత ఊరికి చేర్చడం, అంత్యక్రియలు, పెద్దకర్మ ముగిసేసరికే కొన్ని వారాలు గడుస్తాయి. వాటి కోసం చేసిన అప్పు తీర్చే దారి చూసుకోవడం తరువాతి పని. ఈలోగా లారీ యజమాని తరఫున ఎవరో వచ్చి, కేసు లేకుండా ఎంతో కొంత ఇప్పిస్తామని పెద్దమనుషుల ద్వారా రాజీ మాట కదపవచ్చు. ఆ బేరం తేలకుండానే మరో రెండు నెలలు పోవచ్చు.

ట్రిబ్యునల్‌కు వెళ్లాలని కుటుంబం నిర్ణయించుకున్న తరువాత పత్రాల వేట మొదలవుతుంది. ఎఫ్ఐఆర్ నకలు, శవపంచనామా, శవపరీక్ష నివేదిక, ఢీకొన్న వాహనం రిజిస్ట్రేషన్, బీమా వివరాలు, వాహన తనిఖీ నివేదిక చెన్నైలో ఉంటాయి. వాటిలో కొన్ని తమిళంలో ఉంటాయి. కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం సొంత మండలంలో తహసీల్దారు కార్యాలయం నుంచి రావాలి. మేస్త్రీ చేతికి ఇచ్చిన రోజు కూలికి రసీదు ఉండదు కనుక మృతుని ఆదాయానికి రుజువు సంపాదించడం మరింత కష్టం.

ప్రాణాలతో బయటపడిన వారి పరిస్థితి మరో రకం. కాలు విరిగిన వ్యక్తికి ఒక శస్త్రచికిత్స తరువాత మరొకటి అవసరం కావచ్చు. శాశ్వత వైకల్యం ఎంత శాతమో చికిత్స ముగిస్తే గాని వైద్యులు తేల్చలేరు. తాను ఎంత నష్టపోయాడో బాధితునికే తెలియకముందే గడువు ముగిసిపోయే అవకాశం ఉంది.

బీమా సంస్థకు ఈ ఇబ్బందులేవీ ఉండవు. దానికి న్యాయవాదులు, సర్వేయర్లు, కార్యాలయాలు ముందే ఉన్నాయి. కేసు వేయవలసిన బాధ్యత దానిది కాదు. గడువు గడిచిపోతే లాభపడేది కూడా అదే.

పోయేది ఎంత?

గడువు దాటితే కుటుంబం ఏమి కోల్పోతుందో లెక్క వేసి చూడవచ్చు. మరణించిన వ్యక్తి వయసు, ఆదాయం, అతనిపై ఆధారపడిన వారి సంఖ్య ఆధారంగా పరిహారాన్ని లెక్కించే పద్ధతిని సుప్రీంకోర్టు 2009లో సరళా వర్మ కేసులోను, 2017లో ప్రణయ్ సేథీ కేసులోను స్థిరపరచింది.

పై ఉదాహరణలోని కూలీ నెలకు 15,000 రూపాయలు సంపాదించేవాడని ట్రిబ్యునల్ అంగీకరిస్తే ఏడాది ఆదాయం 1,80,000 రూపాయలు. స్థిరమైన ఉద్యోగం లేని, 40 ఏళ్లలోపు వ్యక్తికి భవిష్యత్తులో పెరగగల ఆదాయం కింద 40 శాతం కలుపుతారు. అప్పుడు అది 2,52,000 రూపాయలవుతుంది. ఆధారపడిన వారు నలుగురు కనుక అతని సొంత ఖర్చుల కింద నాలుగవ వంతు తీసివేస్తే 1,89,000 రూపాయలు మిగులుతాయి. 31 నుంచి 35 ఏళ్ల మధ్య వయసుకు నిర్ణయించిన గుణకం 16. దానితో హెచ్చిస్తే 30,24,000 రూపాయలు వస్తాయి. అంత్యక్రియల ఖర్చు వంటి పద్దులు దీనికి అదనం.

ఇద్దరు పిల్లల చదువు, ఒక వృద్ధురాలి మందులు, ఒక ఇంటి అద్దె ఈ మొత్తంపైనే ఆధారపడి ఉంటాయి. నేరం ఎవరిది, ఎంత నష్టం జరిగింది అన్న ప్రశ్నలు విచారణకు రాకుండానే, తేదీ దాటిందన్న ఒక్క కారణంతో ఈ మొత్తం చేజారిపోవచ్చు.

ఏడు దశాబ్దాల్లో ఐదు మలుపులు

ప్రమాద బాధితుల కోసం ప్రత్యేక ట్రిబ్యునళ్లను 1956లో చేసిన చట్ట సవరణ ద్వారా ప్రవేశపెట్టారు. అంతకుముందు బాధితులు మామూలు సివిల్ కోర్టులో దావా వేయవలసి వచ్చేది. కోరే మొత్తాన్ని బట్టి కోర్టు రుసుము కట్టవలసి ఉండేది. ఆ భారం తగ్గించి, త్వరగా న్యాయం అందించడమే ట్రిబ్యునళ్ల ఉద్దేశం.

మొదట్లో దరఖాస్తుకు 60 రోజుల గడువు ఉండేది. 1969 సవరణతో దానిని ఆరు నెలలకు పెంచారు. తగిన కారణం చూపితే ఆ తరువాత కూడా స్వీకరించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉండేది. 1988లో వచ్చిన కొత్త చట్టం ఆరు నెలల గడువును కొనసాగిస్తూ, ఆలస్యాన్ని ఎట్టి పరిస్థితుల్లోను 12 నెలలకు మించి మన్నించరాదని కట్టడి విధించింది.

ఆ కట్టడి వల్ల ఎందరో బాధితులు నష్టపోతున్నారని గుర్తించిన పార్లమెంటు 1994లో గడువు నిబంధనను పూర్తిగా తొలగించింది. ఆ మార్పు 1994 నవంబరు 14న అమలులోకి వచ్చింది. అప్పటికే పెండింగులో ఉన్న కేసులకు కూడా దాని ప్రయోజనం అందాలని 1996లో ధన్నాలాల్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

2019 సవరణ గడియారాన్ని మళ్లీ వెనక్కి తిప్పింది. పైగా ఈసారి ఆలస్యాన్ని మన్నించే మాటలు కూడా నిబంధనలో లేవు. 1939 నాటి చట్టంలో ఉన్న వెసులుబాటు, 1988 చట్టంలో ఉన్న పరిమిత వెసులుబాటు రెండూ ఇందులో కనిపించవు.

గడువు అసలు ఎందుకు?

కాలపరిమితి అన్న ఆలోచనలోనే తప్పు ఉందని చెప్పలేము. ఏళ్లు గడిచే కొద్దీ సాక్షుల జ్ఞాపకం మసకబారుతుంది. పత్రాలు కనుమరుగవుతాయి. ఎదుటి పక్షం ఎప్పటికీ కేసు భయంతో బతకవలసిన పరిస్థితి ఉండకూడదు. అందుకే దాదాపు అన్ని దేశాల చట్టాలలోను దావాలకు గడువులు ఉన్నాయి.

ప్రమాద పరిహారం విషయంలో నకిలీ దరఖాస్తుల సమస్య కూడా నిజమైనదే. జరగని ప్రమాదాలను జరిగినట్లు, ఒక వాహనం చేసిన ప్రమాదాన్ని బీమా ఉన్న మరో వాహనం చేసినట్లు చూపిన ఆరోపణలపై దర్యాప్తు జరిపేందుకు ఉత్తరప్రదేశ్‌లో 2015లో అలహాబాద్ హైకోర్టు ఆదేశంతో ప్రత్యేక దర్యాప్తు బృందం ఏర్పాటయింది. ఏళ్ల తరువాత వచ్చే దరఖాస్తులో నిజానిజాలు తేల్చడం కష్టమన్న వాదనకు ఇలాంటి అనుభవాలు బలం చేకూరుస్తాయి.

అయితే నకిలీ దరఖాస్తును పట్టుకోవలసింది దర్యాప్తు ద్వారా. మోసం చేయదలచిన వ్యక్తి గడువును లెక్కపెట్టుకుని సకాలంలోనే దాఖలు చేస్తాడు. గడువు తెలియక ఆలస్యంగా వచ్చేది ఎక్కువగా చదువు, డబ్బు, పరిచయాలు లేని నిజమైన బాధితులే.

పోలీసు నివేదికే దరఖాస్తు

2019 సవరణ రూపకర్తల వైపు నుంచి చూస్తే ఆరు నెలల గడువు ఒంటరిగా రాలేదు. దానితో పాటు మరో ముఖ్యమైన ఏర్పాటు కూడా వచ్చింది. ప్రమాదంపై దర్యాప్తు చేసిన పోలీసు అధికారి మూడు నెలలలోపు నివేదికను ట్రిబ్యునల్‌కు పంపాలి. ఆ నివేదికనే పరిహార దరఖాస్తుగా ట్రిబ్యునల్ పరిగణించాలి.

2022 ఏప్రిల్ 1 నుంచే అమలులోకి వచ్చిన కేంద్ర నియమాలు దీనికి దశలను కూడా నిర్దేశించాయి. ప్రమాద సమాచారం అందిన 48 గంటలలో తొలి నివేదిక, 50 రోజులలో మధ్యంతర నివేదిక, 90 రోజులలో సమగ్ర నివేదిక ట్రిబ్యునల్‌కు చేరాలి. ఇవన్నీ సక్రమంగా జరిగితే కుటుంబం కోర్టు మెట్లు ఎక్కకముందే దరఖాస్తు అక్కడికి చేరి ఉంటుంది. అప్పుడు ఆరు నెలల గడువు వల్ల ఎవరికీ నష్టం ఉండదు.

ఈ ఏర్పాటు పనిచేయాలంటే శిక్షణ పొందిన సిబ్బంది అవసరమని గుర్తించిన సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో గోహర్ మొహమ్మద్ కేసులో రాష్ట్రాలకు ఆదేశాలు జారీ చేసింది. మోటారు ప్రమాద కేసుల కోసం పోలీసు స్టేషన్లలో, లేదా కనీసం పట్టణ స్థాయిలో ప్రత్యేక విభాగాలు ఏర్పాటు చేయాలని సూచించింది.

చిక్కు ఇక్కడే ఉంది. పోలీసు నివేదిక సకాలంలో ట్రిబ్యునల్‌కు చేరకపోతే కలిగే నష్టం అధికారి మీద పడదు, కుటుంబం మీద పడుతుంది. అధికారికి 90 రోజుల గడువు విధించిన చట్టం, దానిని అధికారి పాటించకపోతే బాధితుని గడువు పొడిగించాలని చెప్పలేదు. రెండు గడియారాలు పక్కపక్కన నడుస్తున్నా తలుపు మూసే శక్తి ఒక్కదానికే ఉంది.

ఒకే లారీ, రెండు గడువులు

ఇతర చట్టాలతో పోల్చి చూస్తే ఈ గడువు ఎంత చిన్నదో అర్థమవుతుంది. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం అప్పు వసూలు దావాకు మూడేళ్ల వ్యవధి ఉంటుంది. హక్కు ఆధారంగా స్థిరాస్తి స్వాధీనం కోరడానికి 12 ఏళ్లు ఉంటాయి. ప్రభుత్వం ఎవరిపైనైనా దావా వేయదలిస్తే దానికి 30 ఏళ్ల సమయం ఉంది. దావా వేయవలసిన వ్యక్తి మైనరైతే, మేజరయ్యేదాకా ఆగే వెసులుబాటును కూడా ఆ చట్టం సాధారణ దావాలకు కల్పించింది.

పై ఉదాహరణలోని లారీనే తీసుకుంటే తేడా మరింత స్పష్టమవుతుంది. ఆ ప్రమాదంలో లారీకి జరిగిన నష్టం చెల్లించడానికి బీమా సంస్థ నిరాకరించిందనుకుందాం. వ్యవహారం వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తే యజమాని వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి 2019 నాటి ఆ చట్టం ప్రకారం రెండేళ్ల గడువు ఉంటుంది. తగిన కారణం చూపితే ఆ తరువాతి ఆలస్యాన్ని కూడా కమిషన్ మన్నించవచ్చు. అదే లారీ కింద పడి మరణించిన మనిషి కుటుంబానికి అదే బీమా సంస్థ నుంచి పరిహారం కోరడానికి ఆరు నెలలే గడువు. ఈ రెండు చట్టాలూ ఒకే ఏడాదిలో, ఒకే పార్లమెంటులో ఆమోదం పొందాయి.

సుప్రీంకోర్టు ముందు ప్రశ్న

ఆరు నెలల నిబంధన రాజ్యాంగబద్ధతను సవాలు చేస్తూ పిటిషన్లు దాఖలయ్యాయి. బాధితుల సంక్షేమం కోసం ఉద్దేశించిన చట్టంలో ఇంత కఠినమైన గడువు ఏకపక్షమని పిటిషనర్ల వాదన. వీటిని విచారిస్తున్న సుప్రీంకోర్టు 2025 నవంబరులో మధ్యంతర ఉత్తర్వు జారీ చేసింది. తదుపరి ఆదేశాలు ఇచ్చేదాకా, ఆరు నెలల గడువు దాటిందన్న కారణంతో ట్రిబ్యునళ్లు గాని హైకోర్టులు గాని పరిహార దరఖాస్తులను కొట్టివేయరాదని పేర్కొంది.

ఇది బాధితులకు పెద్ద ఊరట. అయినా ఇది తుది తీర్పు కాదు. నిబంధన చట్ట పుస్తకంలోనే ఉంది. మధ్యంతర ఉత్తర్వును నమ్ముకుని దరఖాస్తును వాయిదా వేయడం క్షేమం కాదు.

బాధిత కుటుంబాలు తెలుసుకోవలసినవి

దరఖాస్తును ప్రమాదం జరిగిన చోటే దాఖలు చేయాలన్న నియమం లేదు. బాధితులు నివసించే ప్రాంతంలోని ట్రిబ్యునల్‌లో కూడా దాఖలు చేయవచ్చు. చెన్నైలో ప్రమాదం జరిగినా శ్రీకాకుళంలో కేసు వేయవచ్చు. ముంబయిలో మరణించిన పాలమూరు వలస కూలీ కుటుంబం మహబూబ్‌నగర్‌లోనే పరిహారం కోరవచ్చు.

అన్ని పత్రాలు చేతికి వచ్చేదాకా ఆగనవసరం లేదు. ఎఫ్ఐఆర్ వివరాలతో ముందు దరఖాస్తు దాఖలు చేసి, వైకల్య ధ్రువీకరణ పత్రం వంటివి విచారణ సమయంలో సమర్పించవచ్చు. ట్రిబ్యునల్‌కు నివేదిక పంపారా, పంపితే ఏ తేదీన పంపారు అన్న సంగతి దర్యాప్తు అధికారిని అడిగి తెలుసుకోవడం బాధితుల హక్కు.

తప్పు ఎవరిదో నిరూపించకుండానే మరణానికి ఐదు లక్షల రూపాయలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షల రూపాయలు పొందే అవకాశాన్ని చట్టంలోని 164వ సెక్షన్ కల్పిస్తోంది. కానీ బీమా సంస్థతో పరిష్కార ప్రక్రియలో ఈ మొత్తాన్ని స్వీకరిస్తే ట్రిబ్యునల్ ముందున్న పరిహార దరఖాస్తు రద్దవుతుంది. పైన వేసిన 30 లక్షల లెక్కను దృష్టిలో ఉంచుకుని, న్యాయ సలహా తీసుకున్న తరువాతే సంతకం చేయడం మంచిది. ఢీకొట్టి పారిపోయిన వాహనం ఏదో తెలియని సందర్భంలో మరణానికి రెండు లక్షలు, తీవ్ర గాయానికి 50,000 రూపాయలు ఇచ్చే ప్రత్యేక పథకం ఉంది.

లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే డబ్బు త్వరగా అందుతుంది. అయితే అక్కడ ఇచ్చిన అవార్డుపై అప్పీలు ఉండదు. తొందరలో తక్కువ మొత్తానికి అంగీకరిస్తే తిరిగి సరిదిద్దుకోవడం కష్టం.

న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేనివారికి జిల్లా, మండల న్యాయ సేవాధికార సంస్థలు ఉచిత సహాయం అందిస్తాయి. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం స్త్రీలు, బాలలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, వికలాంగులు, కార్మికులు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ సహాయానికి అర్హులు. భర్తను కోల్పోయిన భార్యకు ఉచిత న్యాయవాదిని కోరే హక్కు ఉందన్న మాట. జాతీయ న్యాయ సేవాధికార సంస్థ సహాయ నంబరు 15100.

ఆర్థిక కారణాల వల్ల గాని, మరే ఇతర అశక్తత వల్ల గాని ఏ పౌరుడికీ న్యాయం పొందే అవకాశం నిరాకరించబడకుండా ప్రభుత్వం చూడాలని రాజ్యాంగంలోని 39ఏ అధికరణ చెబుతోంది. 1976లో 42వ సవరణ ద్వారా చేరిన ఈ అధికరణ ప్రభుత్వానికి మార్గదర్శక సూత్రం. ఆరు నెలల గడువు దానికి అనుగుణంగా ఉందా లేదా అన్నది న్యాయస్థానం తేల్చవలసిన విషయం. అంతవరకు ప్రమాదం జరిగిన తేదీని, దర్యాప్తు అధికారి పేరును, ట్రిబ్యునల్‌కు నివేదిక చేరిన తేదీని కుటుంబంలో ఎవరో ఒకరు కాగితం మీద రాసి పెట్టుకోవడం అవసరం.